టికెట్ లేనివాడికి స్టేషన్‌లో చోటెక్కడ?

మా తమ్ముడి కొడుకుని హైదరాబాద్ బండి ఎక్కించడానికి ఆ మధ్య మా జిల్లాలోనే ఒక స్టేషన్‌కి వెళ్లాం. ఊరి పేరెందుకులెండి. ప్రయాణం చేసేది ఒక్కడు, సాగనంపడానికి పోయినవాళ్లం ఐదుగురం. వాడికి మొదటి ఉద్యోగం, మొదటిసారి ఇల్లు వదలడం. అందుకని మా అమ్మ కూడా నేనూ వస్తానని బయల్దేరింది. ఒక చేతిలో గోంగూర పచ్చడి సీసా, ఇంకో చెయ్యి నా భుజం మీద. ఆమెకి మోకాళ్ల నొప్పులు. తలా 10 రూపాయలు పెట్టి ప్లాట్‌ఫాం టికెట్లు తీసుకున్నాక, బండి అవతలి ప్లాట్‌ఫాం మీదికి వస్తోందన్నారు. మెట్ల వంతెన వైపు ఒకసారి చూసి అమ్మ, "నేనీడే కూసుంటా, మీరు పోయి రండబ్బా" అంది.

ఈడే అంటే ఎక్కడ? లోపల బెంచీల నిండా మనుషులూ సామాన్లూ. బయట పనుల కోసం కట్టిన కంచె, దాన్నానుకుని బైకుల వరస. చివరికి ఒక ఆటో అతను తన బండి వెనక సీటు చూపించాడు. "కూర్చోమ్మా, కిరాయి వస్తే లేపుతాలే" అన్నాడు. బండి లేటు. నలభై నిమిషాలు అమ్మ ఆ ఆటోలోనే కూర్చుంది. ఈలోపు అతను రెండు కిరాయిలు వదులుకున్నాడని వచ్చాక అమ్మే చెప్పింది.

మన వైపు రైలెక్కేవాడు ఒకడైతే ఎక్కించేవాళ్లు నలుగురు. చెన్నై ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే పెద్దాయన కోసం ఎదురుచూసే కొడుకులు, కాలేజీ పిల్లల కోసం వచ్చే తండ్రులు, టీ తాగడానికి మాత్రమే వచ్చేవాళ్లు, ఏ పనీ లేక బండ్లు చూడటానికి వచ్చే రిటైర్డ్ మాస్టార్లు, వీళ్లందరితో కలిపితేనే స్టేషన్. కానీ స్టేషన్ గీసేవాళ్ల కాగితంలో ఎక్కేవాడూ దిగేవాడే లెక్కకి వస్తారు. మిగతావాళ్లు రద్దీ కింద జమ. ఇప్పుడు మన నెల్లూరు, ఒంగోలు వైపు స్టేషన్లని పడగొట్టి కట్టే పనులు నడుస్తున్నాయి కాబట్టి, ఈ మిగతావాళ్ల సంగతి తేల్చుకోవడానికి ఇదే సమయం.

నెల్లూరు స్టేషన్ పనుల అంచనా సుమారు 102 కోట్లు. అమృత్ భారత్ స్టేషన్ల పథకం జాబితాలో నెల్లూరుతో పాటు ఒంగోలు, సింగరాయకొండ, పడమటి వైపు దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు ఉన్నాయి. ఈ పథకం కింద 2023 ఆగస్టు 6న దేశమంతటా 508 స్టేషన్లకి ఒకేసారి శంకుస్థాపన జరిగింది, 2024 ఫిబ్రవరి 26న మరో 550కి పైగా స్టేషన్లకి. 2025 మే 22న తొలి విడతగా 103 స్టేషన్లు ప్రారంభమయ్యాయి. వాటిలో సూళ్లూరుపేట ఒకటి. 2022 దాకా అది నెల్లూరు జిల్లాదే, తర్వాత తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. చెన్నై లోకల్ రైళ్లు వచ్చి ఆగే ఊరు కూడా అదే.

పథకం రాతల్లో రెండు మాటలు నాకు ముఖ్యంగా కనిపించాయి. ఒకటి, స్టేషన్‌ని ఊరి రెండు వైపులతోనూ కలపాలి. రెండోది, దీర్ఘకాలంలో స్టేషన్ దగ్గర నగర కేంద్రం తయారు కావాలి. అంటే రైల్వే వాళ్లే స్టేషన్ అంటే బండి ఆగే చోటు మాత్రమే కాదని ఒప్పుకున్నారు. మంచిదే. అయితే ఆ మాటకీ, గేటు దగ్గర మా అమ్మకి దొరకని బెంచీకీ మధ్య చాలా చిక్కుముళ్లున్నాయి. వాటిని విప్పాలంటే ముందు కొంచెం చుట్టు తిరగాలి, లైట్ రైలు దగ్గరి నుంచి.

తేలిక రైలు, తేలిక స్టేషన్

లైట్ రైలు అంటే బరువు తక్కువ రైలని కాదు. మోసే జనం తక్కువ, కట్టే ఖర్చు తక్కువ, హంగామా తక్కువ అని. 1970ల మొదట్లో అమెరికాలో పుట్టిన మాట ఇది. పాత ట్రాముకే కొంచెం వేగం, కొంత సొంత దారి కలిపితే లైట్ రైలు. మద్రాసులో 1895 నుంచి 1953 దాకా ట్రాములు తిరిగాయి. ఆ రోజుల్లో చదువుకో, వ్యాజ్యానికో నెల్లూరు నుంచి మద్రాసు పోయిన పెద్దలు వాటినెక్కే ఉంటారు. మన దగ్గర 2019లో కేంద్రం మెట్రోలైట్ పేరుతో ఇలాంటి వ్యవస్థకి ప్రమాణాలు ప్రకటించింది. రద్దీ గంటలో ఒక దిశలో 15 వేల మంది దాకా ఎక్కే ఊళ్ల కోసం అన్నమాట. అందులో స్టేషన్ వర్ణన చదివితే ముచ్చటేస్తుంది. రోడ్డు పక్కన ఒక నీడ, ఒక అరుగు. అంతే. టికెట్ గేట్లు ఉండవు, బండి ఎక్కాక చూపించుకోవడమే.

ఆ గేటు లేకపోవడంలోనే అసలు కిటుకుంది. గేటు లేకపోతే లోపలా బయటా అనే తేడా లేదు. ప్లాట్‌ఫాం అంటే వీధి అరుగే. అక్కడ కూర్చున్న ముసలాయన బండి కోసం కూర్చున్నాడా, ఊరికే కూర్చున్నాడా అని ఎవరూ అడగరు. లండన్‌లో 1987లో మొదలైన డాక్‌లాండ్స్ లైట్ రైలులో ఇప్పటికీ చాలా స్టేషన్లకి గేట్లు లేవు. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ వాళ్లు 1994లో ట్రాము వేసినప్పుడు పట్టాలతోపాటు ఊరి నడిబొడ్డున కార్లు తీసేసి మనుషులకి చోటు ఇచ్చారు. నాలుగు దారులు కలిసే చోట పెద్ద గుండ్రటి గాజు నీడ కట్టారు. దాని కింద బండెక్కేవాళ్లూ ఉంటారు, వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లూ ఉంటారు.

నెల్లూరుకో ఒంగోలుకో రేపే లైట్ రైలు వస్తుందని నేను అనడం లేదు. ఐదారు లక్షల జనం ఉన్న నెల్లూరుకే అది ఇంకా దూరపు మాట. కానీ లైట్ రైలు స్టేషన్లని జనం కూడలిగా మార్చిన ఊళ్లు నేర్చుకున్న పాఠం మనకిప్పుడే పనికొస్తుంది. మన బరువైన స్టేషన్‌ని తేలిక స్టేషన్‌లా ప్రవర్తించేట్టు చెయ్యడం ఎలా అన్నదే ఆ పాఠం.

తప్పు పాఠం కూడా దగ్గర్లోనే ఉంది, చెన్నైలో. అక్కడి ఎత్తు లైను, ఎంఆర్‌టీఎస్, 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలై, 1997లో తిరుమయిలైకి, 2007లో వేలచ్చేరికి చేరింది. దాని స్తంభాలు చాలా దూరం బకింగ్‌హాం కాలువలోనే నిలబడి ఉంటాయి. పెదగంజాం నుంచి మన తీరం వెంట దిగిపోయే ఆ కాలువే. ఒకప్పుడు పడవల మీద ఉప్పూ ధాన్యం మద్రాసు చేరిన కాలువ. ఆ లైను స్టేషన్లు చిన్నవి కావు, కోటల్లాంటివి. పై అంతస్తులు దుకాణాలకీ ఆఫీసులకీ అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చని కట్టారు. ఏళ్ల తరబడి అవి ఖాళీగా పడి ఉన్నాయి. నేను తిరుమయిలైలో దిగిన ఒక మధ్యాహ్నం అంత పెద్ద హాల్లో నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది. బయటికొచ్చి రెండు సందులు దాటితే మైలాపూరు బజారు, కాలు పెట్టడానికి చోటు లేదు. జనం లేక కాదు, ఆ జనానికి స్టేషన్ లోపలికి రావలసిన పని లేక. బస్సు ఆగే చోటు ఒకవైపు, మెట్లు ఇంకోవైపు, మధ్యలో కాలువ.

చోటు ఎక్కువైతే సందడి వస్తుందనుకోవడం ఆ కట్టడం చేసిన పొరపాటు. చిన్న చోటులో నలుగురు కూర్చుంటే ఐదోవాడు వచ్చి చేరతాడు. పెద్ద హాల్లో నలుగురు కూర్చుంటే ఐదోవాడికి భయమేస్తుంది.

ఊరిని కోసిన గీత

మద్రాసు–బెజవాడ లైను 1899లో పూర్తయింది. అప్పట్లో పట్టాలు ఊరి పక్కన పడ్డాయి. తర్వాత ఊరు పెరిగి పట్టాల అవతలికి పోయింది. నెల్లూరులో ఇప్పుడు ఆ గీతకి ఈపక్కన సగం బతుకు, ఆపక్కన సగం బతుకు. ఇల్లు ఒకవైపు, బడి ఇంకోవైపు. దాటాలంటే విజయమహల్ గేటు, మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరి అండర్ బ్రిడ్జిలు. వాన గట్టిగా పడితే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలవడం నెల్లూరు వాళ్లకి వార్త కాదు. బైకు దిగి, ప్యాంటు మడిచి, ముందు ఎవరో ఒకరు దిగి లోతు చూసేదాకా ఆగడం ఈ ఊరి కార్తీక మాసపు అలవాటు. ఇప్పుడు విజయవాడ–గూడూరు మూడో లైను కూడా వచ్చి చేరుతోంది. గీత ఇంకా లావవుతుంది.

ఇంత పెద్ద అడ్డానికి మధ్యలో ఉన్న స్టేషన్ రెండు వైపులనీ కలిపే వంతెన కావచ్చు. కొత్తగా కడుతున్న స్టేషన్లకి చాలాచోట్ల 12 మీటర్ల వెడల్పు కాలి వంతెనలు వస్తున్నాయి. వెడల్పులో లోటు లేదు. చిక్కంతా ఆ వంతెన మెట్లు ఎక్కడ దిగుతాయన్న దాంట్లో ఉంది. మెట్లు ప్లాట్‌ఫాం మీదికి దిగితే ఆ వంతెన టికెట్ ఉన్నవాళ్లదే. అవతలి వీధిలో కూరగాయలు కొనుక్కుని ఇవతలికి నడిచొచ్చే ఆవిడ దాని మీద అడుగు పెడితే, కాగితం ప్రకారం టికెట్ లేకుండా రైల్వే ఆవరణలోకి వచ్చినట్టే. నడిచినంతసేపూ ఎవరూ అడక్కపోవచ్చు. అడిగిన రోజు మాత్రం జరిమానా.

జపాన్‌లో ఈ ముడిని తేలిగ్గా విప్పుకున్నారు. స్టేషన్ పైనుంచో కిందనుంచో ఊరి రెండు వైపులనీ కలుపుతూ ఒక దారి వేస్తారు. దాన్ని స్వేచ్ఛా దారి అంటారు. అది వీధి లాంటిదే, ఏ వేళైనా ఎవరైనా నడవచ్చు. టికెట్ గేటు ఆ దారి పక్కన ఒక దుకాణం గుమ్మంలా ఉంటుంది. బండెక్కేవాడు అటు తిరుగుతాడు, మిగతావాళ్లు తిన్నగా పోతారు. దానికయ్యే ఖర్చులో పెద్ద వాటా మామూలుగా మున్సిపాలిటీదే, ఎందుకంటే లాభం ఊరిది. మన దగ్గర వంతెన రైల్వేది, డ్రైనేజీ కార్పొరేషన్‌ది, రోడ్డు ఇంకొకళ్లది. ఎవరి ముక్కకి వాళ్లు టెండరు పిలుస్తారు. ముక్కల మధ్య ఉన్న అతుకు ఎవరి టెండర్లోనూ ఉండదు.

జపాన్ అన్నాను కాబట్టి టొయామా సంగతి చెప్పాలి. నాలుగు లక్షల పైచిలుకు జనాభా, అంటే మన నెల్లూరు కంటే కొంచెం చిన్నదే. ఆ ఊరినీ రైలు గీత ఉత్తరం దక్షిణంగా చీల్చేసింది. ఉత్తరాన రేవు దాకా పోయే ఒక పాత రైల్వే కొమ్మ ఉండేది. బండ్లు గంటకో అరగంటకో, ఎక్కేవాళ్లు పలచబడ్డారు, మూసేసే రోజు దగ్గరికొచ్చింది. బుల్లెట్ రైలు కోసం పెద్ద స్టేషన్‌ని ఎత్తు మీదికి లేపాల్సి వచ్చినప్పుడు ఊరివాళ్లు లెక్క వేసుకున్నారు. ఈ చిన్న కొమ్మని కూడా పైకి లేపేకంటే దించి వీధిలో నడిపించేద్దాం అనుకున్నారు. 2006 ఏప్రిల్‌లో అది లైట్ రైలుగా మారింది. పగలంతా 15 నిమిషాలకో బండి. నేలకి దగ్గరగా ఉండే పెట్టెలు, మెట్లు లేవు. ఆగే చోట్లు పెంచారు. ప్రతి ఆగే చోటులో ఆ పేటకి సంబంధించిన కథనో బొమ్మనో పలక మీద పెట్టారు. మామూలు రోజుల్లో ఎక్కేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు.

అసలు పని 2020 మార్చిలో పూర్తయింది. బుల్లెట్ రైలు పట్టాలు పైన, వాటి కిందుగా స్టేషన్ మధ్యలోంచి ట్రాము. ఉత్తరం నుంచి వచ్చిన లైనూ, దక్షిణం నుంచి వచ్చిన లైనూ స్టేషన్ కడుపులో కలిశాయి. అడ్డంగా ఉన్న స్టేషనే దారి అయింది. వయసు మళ్లినవాళ్లు పగటి పూట 100 యెన్లకే ఊరి నడిబొడ్డుకి పోయే ఏర్పాటు చేశారు. కొన్ని రోజుల్లో, చెప్పిన దుకాణాల్లో పూలగుత్తి కొని చేత్తో పట్టుకుని ఎక్కితే టికెట్టే లేదు. ఈ మాట మా ఇంట్లో చెబితే మా అమ్మ, "మన దగ్గరైతే మూర మల్లెపూలు పెట్టుకుని ఊరంతా ఎక్కేస్తారు" అంది. అదేగా వాళ్లకి కావలసింది.

మనకీ ఒక రేవు కొమ్మ ఉంది, వెంకటాచలం నుంచి కృష్ణపట్నానికి. దాని మీద బొగ్గు పోతుంది. పూల సంగతి అక్కడ కుదరదు.

ప్రహరీకి ఇవతల, అవతల

రెండో గీత కంటికి కనపడదు, చట్టంలో ఉంటుంది. వీధి వ్యాపారుల రక్షణకి 2014లో ఒక చట్టం వచ్చింది. తోపుడు బండి వాళ్లని లెక్కపెట్టాలి, కార్డు ఇవ్వాలి, నోటీసు లేకుండా లేపకూడదు, టౌన్ వెండింగ్ కమిటీలో వాళ్ల మనుషులు ఉండాలి. మంచి చట్టం. దాని మొదటి సెక్షన్‌లోనే ఒక వాక్యం ఉంది. రైల్వేల అధీనంలో ఉన్న స్థలానికీ ఆవరణకీ రైళ్లకీ ఈ చట్టం వర్తించదని. అక్కడ 1989 రైల్వే చట్టం నడుస్తుంది, దాని 144వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మడం నేరం.

అంటే ఒకే ఇడ్లీ బండి ప్రహరీకి అవతల ఉంటే హక్కున్న వ్యాపారం, పది అడుగులు ఇవతలికి జరిగితే నేరం. స్టేషన్‌ని బాగు చేసినప్పుడల్లా ముందు జరిగే పని ఆ పది అడుగులని ఖాళీ చేయించడం. బండ్లు పోతాయి, వాటి కింద వెలిగే బల్బులు పోతాయి. తెల్లవారుజామున మూడున్నరకి బండి దిగిన ఆడపిల్లకి ధైర్యం ఇచ్చేది ఆ బల్బులే. సీసీ కెమెరా జరిగినదాన్ని రికార్డు చేస్తుంది. టీ బండి అతను జరుగుతుండగా లేచి నిలబడతాడు. రైల్వే వాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. గుమ్మం దగ్గర బండ్లు అడ్డం పడితే తొక్కిసలాటలో ప్రాణాలు పోతాయి, ఆ భయం నిజమైనదే. కాబట్టి బండ్లు ఉండాలా వద్దా అని వాదించుకోవడం కంటే ఎక్కడ ఉండాలో గీయడం మేలు. దారికి పక్కగా, నీళ్ల కుళాయి, మురుగు కాలువ, కరెంటు ప్లగ్గుతో సహా.

ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి అని 2022లో ఒక పథకం మొదలైంది. స్టేషన్‌లో చిన్న స్టాలు పెట్టి స్థానిక వస్తువులు అమ్ముకోనిస్తారు. ఉదయగిరి చెక్క చెంచాలు, ఉలవపాడు మామిడి, నెల్లూరు మలై కాజా, ఇలా మనకి సరుకుకి కొదవ లేదు. కాకపోతే ఆ స్టాలు టికెట్ గేటు లోపల ఉంటే కొనేది ప్రయాణికుడే, అదీ బండి ఆగిన రెండు నిమిషాల్లో. గేటు బయట, ఊరి వైపు ముఖం పెట్టి ఉంటే సాయంత్రం ఊరివాళ్లూ కొంటారు.

కూర్చునే చోటు

1970ల్లో విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతారో, ఎందుకు ఆగుతారో గంటల కొద్దీ చూశాడు. తేలిందేమిటంటే, కూర్చోవడానికి వీలున్న చోటే జనం కూర్చుంటారు. వినడానికి ఇదీ ఒక పరిశోధనేనా అనిపిస్తుంది. కానీ ఆయన చూసిన ఖరీదైన కూడళ్లలో చాలావాటికి కూర్చునే చోటే లేదు. ఇంకో తమాషా కూడా చూశాడు. కదిలే కుర్చీ దొరికితే మనిషి దాన్ని ఉన్నచోట ఉంచి కూర్చోడు. ఓ జానెడు జరుపుకుని కూర్చుంటాడు. ఆ జానెడుతో ఆ చోటు తనదవుతుంది.

మనవాళ్లకి కుర్చీతో కూడా పని లేదు. పెళ్లివారైనా, తిరపతి యాత్రికులైనా ఒక దుప్పటి పరిస్తే ఇల్లు తయారు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి వచ్చే జనాన్ని చూడండి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె మార్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో నెల్లూరు వస్తారు. రాత్రిళ్లు ఎక్కడ నేల చల్లగా ఉంటే అక్కడ పడుకుంటారు. ఇనుప కుర్చీలకి మధ్య మధ్య చేతులు బిగించి, ఎవరూ నడుం వాల్చకుండా చేసే బెంచీలు ఆ జనానికి కావు. మన స్టేషన్‌కి కావలసింది అరుగు. మోకాలి ఎత్తు, రెండు మూరల వెడల్పు, పైన నీడ. పాత పెంకుటిళ్ల ముందు ఉండేదే. దాని మీద ఒకడు కూర్చుంటాడు, ఒకడు పడుకుంటాడు, ఒకావిడ బిడ్డకి అన్నం పెడుతుంది. ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు.

ఇక్కడ గాజు గురించి నా కోపం చెప్పుకోనివ్వండి. కొత్త స్టేషన్ బొమ్మలన్నిటిలోనూ ముందు భాగం గాజే. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ తెలిసిన ఎవరైనా పడమటి ముఖానికి గాజు పెడతారా? లోపల ఏసీ ఉంటే గాజు పనిచేస్తుంది. ఏసీ ఉన్న హాల్లోకి టికెట్ లేనివాడిని రానివ్వరు. అంటే గాజు వచ్చిందంటే దాని వెనకే గేటు వచ్చినట్టే. వేప చెట్టుకి గేటు అక్కర్లేదు. పనుల కోసం కొట్టేసిన చెట్టు స్థానంలో కుండీలో క్రోటన్ మొక్క పెడితే దాని కింద పిల్లి కూడా పడుకోలేదు.

చిన్న స్టేషన్ల సంగతి

పెద్ద స్టేషన్ల కంటే నాకు చిన్నవాటి మీదే ఆశ ఎక్కువ. నెల్లూరు ఒక్క ఊరి చుట్టే చూడండి. పెన్న అవతల పడుగుపాడు, మధ్యలో నెల్లూరు, ఆ దిగువన నెల్లూరు సౌత్, వేదాయపాళెం. 2021 నవంబరు వరదకి పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు తప్ప ఆ పేరు బయటివాళ్లకి తెలియదు. కానీ ఈ నాలుగూ ఒక దండలో పూసల్లా ఉన్నాయి. ఇంకో దేశంలో అయితే దీన్నే లైట్ రైలు లైను అనేవాళ్లు. జర్మనీలో కార్ల్‌స్రూహె వాళ్లు 1992లో ఆ పనే చేశారు. ఊళ్లో ట్రామునే పెద్ద రైలు పట్టాల మీదికి ఎక్కించి పక్క ఊరి దాకా నడిపారు, ఇళ్లున్న చోటల్లా కొత్తగా ఆపారు. మన లైను మీద అది ఇప్పుడు కుదరదు. వెనక గూడ్సు, ముందు సూపర్‌ఫాస్టు, మధ్యలో మెమూకే చోటు చాలడం లేదు. మూడో లైను పూర్తిగా అందుబాటులోకి వచ్చాక అడగాల్సిన ప్రశ్న మాత్రం అది.

బండ్లు పెరిగేలోపు చోటునైనా వాడుకోవచ్చు. చిన్న స్టేషన్లకి గేట్లు లేవు, గాజు లేదు, చెట్లు ఉన్నాయి. అవి ఇప్పటికే తేలిక స్టేషన్లు. సాయంత్రం నాలుగు బల్బులు, తాగడానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, బండి వచ్చే టైము తెలిపే బోర్డు, బయట షేర్ ఆటోలు ఆగడానికి ఒక వరస ఉంటే చాలు. కేంద్రం 2017లో తెచ్చిన రవాణా ఆధారిత పట్టణాభివృద్ధి విధానం ఒకటుంది, స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల మేర ఊరిని స్టేషన్‌కి తగ్గట్టు మలచమంటుంది. అంటే పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల దారికి ఫుట్‌పాత్ ఉందా, వీధి దీపం వెలుగుతోందా అన్నది స్టేషన్ బిల్డింగు కంటే ముందు చూడాల్సిన విషయం.

బిట్రగుంట పేరు చెప్పకుండా ఈ సంగతి వదల్లేను. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. ఇంజన్లు తిప్పే గుండ్రటి కట్టడం, చుట్టూ రైల్వే క్వార్టర్లు. ఊరికి ఊరే రైల్వే మీద పుట్టింది. ఆవిరి పోయింది, సందడీ పోయింది. వేరే దేశాల్లో ఇలాంటి గుండ్రటి షెడ్లని మ్యూజియంలుగా, సంతలుగా మార్చుకున్నారు. మన దగ్గర వాటి మీద తుమ్మ చెట్లు మొలుస్తాయి.

డబ్బు విషయం త్వరగా ముగిస్తాను, అది అందరికీ తెలిసిందే. కట్టడానికి నిధులొస్తాయి, ఊడ్చడానికి రావు. టొయామాలో పట్టాలూ ఆగే చోట్లూ కట్టే ఖర్చు ప్రభుత్వాల మీద వేసుకుని, నడిపే ఖర్చు మాత్రం టికెట్ డబ్బులో తీసుకోమని కంపెనీకి చెప్పారు. ఎవరి లెక్క వాళ్లకి స్పష్టంగా ఉంది. మన స్టేషన్ ముందరి ఆవరణ ఎవరు ఊడుస్తారు, దీపం పోతే ఎవరు మారుస్తారు, అరుగు మీద కూర్చున్నవాడిని లేపే అధికారం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది రిబ్బను కత్తిరించే ముందే ఒక కాగితం మీద రాసుకుంటే చాలావరకు తగాదా తీరుతుంది. రైల్వేతో పాటు కార్పొరేషన్ కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి.

మొన్న మళ్లీ అదే స్టేషన్‌కి వెళ్లాను, ఈసారి వాడు దసరా సెలవులకి వస్తుంటే. పాత టీ బండి కనపడలేదు. వెతికితే కొత్తగా కట్టిన ఇనుప కడ్డీల ప్రహరీకి అవతల, రోడ్డు మీద ఉంది. లోపలున్న మేము ఇవతల, పొయ్యి అవతల. జనం మాత్రం తగ్గలేదు. కడ్డీల మధ్యలోంచి పది రూపాయల నోటు అటు పోతోంది, టీ ఇటు వస్తోంది. పాత గాజు గ్లాసు ఆ సందులో పట్టక రెండు పగిలాయట. అందుకని సన్నగా ఉండే కాగితం కప్పులకి మారాడు. "కొలిసి తెచ్చినా సార్, సరిగ్గా పడతాయి" అని కడ్డీల మధ్యలోంచి ఒకటి నా చేతికిచ్చాడు.